అన్న పాదం, రొయ్య పెంకుల పొర

మా అన్న పాదంలో మేకు దిగిన సంగతి ఇంటికి వచ్చి బూటు విప్పేదాకా అతనికి తెలియలేదు. మేజోడు రక్తంతో తడిసి, ఎండి, అరికాలికి అతుక్కుపోయింది. వదిన కేక పెట్టిందట. అన్న మాత్రం అది ఇంకెవరి కాలో అయినట్టు కాసేపు చూసి, "ఇదేటిది?" అన్నాడట. అతను పోర్ట్ క్లాంగ్ రేవులో కంటైనర్ లారీ నడిపేవాడు. యార్డులో ఏ విరిగిన చెక్క మీదో అడుగు వేసి ఉంటాడు. షుగర్ వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. కెంచింగ్ మానిస్ అని మలయ్ పేరుతోనే మేమంతా పిలుచుకునే ఆ జబ్బు అతని పాదాల్లో స్పర్శను కొంచెం కొంచెంగా తీసేసింది. నొప్పి ఉంటే మనిషి ఆగుతాడు. అన్నకు నొప్పి లేదు కాబట్టి ఆ మేకుతోనే రోజంతా క్లచ్ తొక్కాడు.

నేను అప్పుడు ఒక విశ్వవిద్యాలయం లేబొరేటరీలో సరిగ్గా అలాంటి పుండ్ల కోసమే పనిచేస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండు తొందరగా మానదు. రోజూ కట్టు మార్చాలి. కట్టు విప్పిన ప్రతిసారీ, అప్పుడప్పుడే పుడుతున్న లేత చర్మం గాజుగుడ్డతో పాటు ఊడి వస్తుంది. అలా కాకుండా, ఒకసారి అంటిస్తే కొన్ని రోజులు అలాగే ఉండి, లోపలున్న మందును నెమ్మదిగా పుండులోకి వదులుతూ, చివరికి చర్మాన్ని చింపకుండా ఊడి వచ్చే పలచటి పొర ఒకటి చేయాలని మా ప్రయత్నం. దాన్ని ప్లాస్టిక్‌తో కాక జీవుల నుంచి వచ్చే పదార్థంతో, బయోపాలిమర్‌తో చేయాలి. మేం ఎంచుకున్నది రొయ్య పెంకులు.

రొయ్య పెంకులను కడిగి, ఎండబెట్టి, పొడి చేసి, ముందు ఆమ్లంలో, తర్వాత క్షారంలో ఉడికిస్తే చివరికి తెల్లటి తునకలు మిగులుతాయి. దాన్ని కైటోసాన్ అంటారు. వెనిగర్ లాంటి పులుపు నీళ్ళలో వేసి కలియబెడితే తేనెలా చిక్కబడుతుంది. అందులో మందు కలిపి, పళ్ళేలలో పలచగా పోసి ఆరబెడితే, గాలికి లేచిపోయేంత తేలికైన పొర వస్తుంది. మొదటిసారి అది చిరగకుండా పళ్ళెం నుంచి లేచిన రోజు నేను దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాను.

ఆ పెంకులు తెచ్చిపెట్టింది అన్నే. తీరం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో అతనికి తెలిసినవాళ్ళు ఉండేవారు. సెలవు రోజు సొంత కారులో సంచులకు సంచులు వేసుకుని మా లేబొరేటరీ వెనక గుమ్మం దగ్గర దించేవాడు. ఆ వాసన కారు సీట్లలోకి దిగిపోయింది. గుడికి వెళ్ళాలన్నా వదిన ఆ కారెక్కడానికి ఒప్పుకునేది కాదు. "మొగుడు లారీ తోల్తన్నాడా, సేపలమ్ముతన్నాడా అని అడుగుతన్నారు జనం" అని నా మీద విరుచుకుపడేది. అన్న నవ్వేవాడు. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటులో పుట్టి, తర్వాత ఇపో పట్టణంలో పెరిగాం మేమిద్దరం. మావాళ్ళందరిలో నా పని అర్థం చేసుకోవాలని అంత గట్టిగా పట్టుపట్టినవాడు అతనొక్కడే. మిగతా చుట్టాలకు నేను ఏదో మందుల కంపెనీలో ఉన్నానని మాత్రమే తెలుసు. అన్నకు మాత్రం కైటోసాన్ అనే మాట పలకడం వచ్చు.

మేకు దిగిన తర్వాత ఒక ఆదివారం క్లాంగ్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అన్న కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలి కింద పుండు అప్పటికి చిన్న నాణెమంత ఉంది. అంచులు తెల్లబడి ఉబ్బాయి.

"దినమూ క్లినిక్కి ఎల్లి కట్టు మార్పించుకోవాలంట," అన్నాడు. "పొద్దున్నంతా అక్కడ కూకుంటే లారీ ఎవడు తోల్తాడు? బాస్ ఎన్నాళ్ళు ఊరుకుంటాడు? నీ దగ్గరున్న ఆ పొర ఒక ముక్క తే లా. అంటించుకుంటాను."

మాట చివర మలయ్ వాళ్ళలా 'లా' తగిలించడం మా అందరి అలవాటు. నేను నవ్వాననుకుంటాను. అతను నవ్వలేదు.

"అది ఇంకా మనుషులకి ఎయ్యలేదన్నా. ఎలకలకి కూడా ఎయ్యలేదు."

"నాను ఎలకకంటే తక్కువోడినా?"

"నవ్వులాట కాదు. ఒంటికి పడతాదో నేదో తెల్దు."

"నువ్వే గదా సెప్పినావు, ఒక పాలి అంటిస్తే మందు మెల్లగ మెల్లగ దిగతాదని."

"అలగ దిగాలని సేస్తన్నాను. దిగతందని సెప్పనేదు."

ఆ మాట సగమే నిజం. అంతకు కొద్ది రోజుల ముందు దాకా మా పొరకున్న పెద్ద జబ్బు అదే. ఒంటి వేడికి సమానమైన ఉప్పునీళ్ళలో వేసి చూస్తే, నెమ్మదిగా రావలసిన మందంతా మొదటి కొన్ని గంటల్లోనే బయటికి దూకేసేది. ఆ తర్వాత మిగిలేది ఉత్త పొర. దాన్ని అడ్డుకోవడానికి పొరలోని పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే రసాయనం ఒకటి కలపడం మొదలుపెట్టాం. కొత్త రకం ఫ్రిజ్‌లో ఉంది. మందు ఇప్పుడు నెమ్మదిగానే వస్తోంది. ఆ సంగతి అన్నకు చెప్పలేదు. చెబితే ఇక ఆగడు.

అన్న నా మొహం చూస్తూ, "సంచులు మోసినోడికి ఒక ముక్క ఇవ్వనేవా?" అన్నాడు.

ఇవ్వను అని చెప్పాను. అతను కాలు స్టూలు మీంచి దించి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకుంటుంటే వదిన నా వెనకే వచ్చింది. "పోనీ నాకియ్యి అమ్మీ," అంది గొంతు తగ్గించి. "నానే అంటించీసినానని సెప్తాను. నీ పేరు రాదు." ఆమె చెయ్యి పట్టుకుని, పేరు కోసం కాదు వదినా, అన్నాను. ఆమె నమ్మలేదని చేతిని లాక్కున్న తీరులోనే తెలిసింది.

తర్వాత కొన్ని వారాలు అన్న నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "పడుకున్నాడు" అనేది. అతను పడుకోలేదని, లారీ తోలుతున్నాడని నాకు తెలుసు. వెనక కంటైనర్ యార్డు క్రేనుల మోత వినబడేది. మధ్యాహ్నం అన్నం తీసుకుని ఆమె అక్కడికి వెళ్ళేది. క్లినిక్‌కి వీలైనప్పుడు వెళ్ళాడు. వీలు కానప్పుడు వదినే కట్టు కట్టింది.

ఒక సాయంత్రం వదినే ఫోన్ చేసింది. "నాకు సేతకావట్లేదు. ఆ వాసన ఓర్చుకోనేకపోతన్నాను. నువ్వు రా." అంతే అని పెట్టేసింది.

అప్పటి నుంచి పని అయ్యాక రైలెక్కి క్లాంగ్ వెళ్ళేదాన్ని. క్లినిక్‌లో మిస్సీ, అంటే నర్సు, ఎలా చేయాలో నాకు చూపించింది. ఉప్పునీళ్ళతో తడపాలి, గాజుగుడ్డ నానేదాకా ఆగాలి, అంచు నుంచి ఎత్తాలి. ఎంత నానబెట్టినా ఏదో ఒక చోట అది అంటుకునే ఉండేది. లాగితే చుక్క చుక్కగా రక్తం వచ్చేది. అన్నకు ఆ చోట నొప్పి తెలియదు, కానీ పైన పిక్క మాత్రం అదిరేది. అతను టీవీ వైపు తిరిగి పడుకునేవాడు. నేను అతని పాదాన్ని నా ఒళ్ళో పెట్టుకుని పని చేసేదాన్ని. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తొక్కిన కాలు అది.

పుండు గురించి నేను ఎన్నో చదివాను, ఎన్నో మాటలు రాశాను. కానీ లేబొరేటరీలో నా పొర ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళలో తేలింది. ఇక్కడ చీము ఉంది, చచ్చిన చర్మం ఉంది, గుంటలున్నాయి, ఒక రోజు పొడిగా, మర్నాడు గుడ్డంతా తడిపేసేంత నీరుగా ఉంది. నేను చేసిన ఆ చదునైన అందమైన పొర ఈ గుంటల్లోకి ఒదగదని మొదటి రోజే అర్థమైంది. రైల్లో తిరిగి వస్తూ చేతులు వాసన చూసుకునేదాన్ని. సబ్బుతో ఎంత కడిగినా ఆ వాసన ఉన్నట్టే అనిపించేది.

ఒక ఉదయం అన్నకు చలిజ్వరం వచ్చింది. వేలు నల్లబడింది. ఆసుపత్రిలో చేర్చాం. ఆ వార్డులో అందరూ అలాంటివాళ్ళే. మలయ్‌లో పోతోంగ్ అంటే కోయడం. ఆ మాట ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకుతూ ఉండేది. ఎవరికి పోతోంగ్, ఎక్కడిదాకా పోతోంగ్. డాక్టరు చిన్న వయసు మనిషి. మంచం పక్కన నిలబడి, బతకాలంటే పాదం ముందు సగం తీసేయాలని మలయ్‌లో మెల్లగా చెప్పాడు. వదిన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను ఇంకేమైనా దారి ఉందా అని అడగబోయాను. అన్న చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"పోతోంగ్ లా, డోక్టోర్," అన్నాడు, బజారులో కూరగాయలవాడితో అన్నట్టు.

డాక్టరు వెళ్ళాక దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద అతని భుజాలు కదులుతుంటే నేనూ వదినా చెరొక పక్కా నిలబడి ఉండిపోయాం. అన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే. మా అమ్మ పోయినప్పుడు కూడా అతను ఏడవలేదు.

ఆపరేషన్ అయ్యి అన్న ఇంటికి వచ్చాక నేను మళ్ళీ లేబొరేటరీకి పూర్తిగా వెళ్ళడం మొదలుపెట్టాను. మా పక్క గదిలో చర్మకణాలను పెంచే పని చూసే మలయ్ ఆవిడ ఒకరు ఉండేవారు. తక్కువ మాట్లాడే మనిషి. ఫ్రిజ్‌లో ఉన్న మా కొత్త రకం పొర ముక్కలను ఆమెకు పరీక్షకు ఇచ్చి ఉన్నాం. ఆమె నన్ను పిలిచి, సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా పక్కకు జరిగారు.

ఆరోగ్యంగా ఉన్న చర్మకణాలు పళ్ళేనికి అంటుకుని, పొడుగ్గా చాచుకుని ఉంటాయి. నాకు కనబడినవి గుండ్రంగా ముడుచుకుపోయి, అంటు వదిలి, నీళ్ళలో తేలుతున్నాయి. ఒకటీ అరా కాదు, పళ్ళెమంతా. పోగులను ముడివేయడానికి మేం కలిపిన రసాయనం పొరలో కొంత మిగిలిపోయింది. అది కణాలను చంపింది.

"ఇది ఏ రకం?" అని అడిగాను, తెలిసి కూడా. ఆమె చెప్పారు. అన్న అడిగిన రోజున ఫ్రిజ్‌లో ఉన్నదే.

నేను కళ్ళు తీయలేకపోయాను. ఆ ముక్క అన్న పుండు మీద ఉండి ఉంటే అనుకున్నాను. సంతోషం కాదు, ఊరట కూడా కాదు. ఇవ్వనన్నప్పుడు నాకు ఇదేదీ తెలియదు. మనుషుల మీద పరీక్షించనిది మనిషికి వేయకూడదని మాత్రమే తెలుసు. ఆ నియమం వెనక ఏముంటుందో ఆ రోజు కంటితో చూశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "టీ తాగుదామా?" అన్నారు. తాగాం. ఆమెకు అన్న సంగతి అప్పుడే చెప్పాను.

అన్నకు మాత్రం చాలాకాలం చెప్పలేదు. సగం పాదంతో నడక నేర్చుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి, చూశావా, నేనే కరెక్టు అన్నట్టు ఉంటుందని భయం. అతను లారీ మానేశాడు. అదే యార్డులో గేటు దగ్గర బండ్లను లోపలికీ బయటికీ పంపే పనిలో కూర్చోబెట్టారు. మాట్లాడేవాడు నాతో, కానీ వాతావరణం గురించి, వదిన మోకాళ్ళ గురించి. లేబొరేటరీ సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

ఒకసారి ఇపోలో చుట్టాల పెళ్ళి అయ్యి, నేను నడుపుతుండగా అన్న కారులో తిరిగి వస్తున్నప్పుడు, వదిన వెనక సీటులో నిద్రపోతుంటే, చెప్పేశాను. కణాలు ఎలా ఉన్నాయో, ఏ రసాయనమో, అది ఏ రకమో అంతా. అన్న రోడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"అయితే అది అంటించుంటే?"

"ఇంకా బేగి పోయేదేమో కాలు. ఇంకా పైదాకా పోయేదేమో. తెల్దన్నా."

దారి పక్క సున్నపురాయి కొండలు అయిపోయి, నూనెతాటి తోటలు మొదలయ్యాయి.

"ఇది ముందే సెప్పొచ్చు గదే," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ నీ మీద ఊరికే కోపం పెట్టుకుని తిరిగినాను. సచ్చినంత అలుపొచ్చింది."

వెనక సీటులోంచి వదిన, నిద్రపోవడం లేదని తెలిసేలా, ముక్కు చీదింది.

ఆ తర్వాత మా పని మారిపోయింది. పోగులు ముడివేయడానికి వేరే పదార్థం వెతికాం. గంధరాజం చెట్టు కాయల నుంచి తీసేది ఒకటి దొరికింది. కణాలు దాన్ని సహించాయి. కానీ అది కైటోసాన్‌తో కలిస్తే పొర ముదురు నీలం రంగుకు మారిపోతుంది. నర్సులకు చూపిస్తే, కింద పుండు ఎలా ఉందో కనబడదు, కమిలినట్టు ఉంది, రోగులు భయపడతారు అన్నారు. అంచుల్లో తెల్లగా, మధ్యలో కింది పుండు కనబడేంత లేత నీలంగా ఉండేలా చేయడానికి చాలాకాలం పట్టింది. మందును ముందుగా సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో చిన్న చిన్న పూసలుగా చుట్టి, ఆ పూసలను పొరలో పొదిగాం. అప్పుడు మందు నిజంగానే నెమ్మదిగా రావడం మొదలైంది. గుంటల్లోకి ఒదగాలని పొరను మెత్తబరిచాం. అలా ఎందుకు కావాలో మీటింగులో ఎవరో అడిగితే, పుండు చదునుగా ఉండదు అని మాత్రమే చెప్పాను.

జంతువుల మీద పరీక్షలు, వాటి మీద ప్రశ్నలు, మళ్ళీ పరీక్షలు. కణాల ఆవిడ ఉద్యోగ విరమణ చేశారు. చివరికి ఒక ఆసుపత్రిలో కొద్దిమంది రోగుల మీద, వాళ్ళ ఒప్పుకోలుతో, మొదటిసారి వేసి చూడటానికి అనుమతి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అన్న రెండో కాలికి పుండు లేచింది. మడమ మీద. ఈసారి అతను నన్ను అడగలేదు, నేరుగా ఆసుపత్రికే వెళ్ళి తన పేరు ఇచ్చాడు. పరిశోధకుల ఇంటివాళ్ళను తీసుకోకూడదన్నది మేం రాసుకున్న నియమమే. తిప్పి పంపించేశారు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఈ పాలి కూడా ఒద్దన్నావంట."

"నాను కాదన్నా, రూలు."

"ఆ రూలు రాసినదెవులు?"

అవతల అతను నవ్వాడు, ఆ నవ్వులో కొంత నొప్పి కూడా ఉంది. "సరిలే. మీ వదిన ఉంది గదా కట్టు కట్టడానికి."

ఆ పుండు మానింది. మామూలు గుడ్డ కట్టుతోనే. ఈసారి అతను లారీ తోలాల్సిన పని లేదు. గేటు దగ్గర కుర్చీలో, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చోగలిగాడు. కాలి మీద బరువు పడకుండా ఉంచితే మానే పుండు, బరువు పడితే ఏ పొర వేసినా మానడం కష్టం. నా జీవితంలో ఎక్కువ భాగం ఆ పొర మీదే గడిచింది. ఆ నిజాన్ని దిగమింగుకోవడానికి కొంత సమయం పట్టింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు అదే చెబుతాను. ముందు కాలికి విశ్రాంతి, తర్వాతే మా పొర.

మొదటి రోగి ఒక చైనీస్ ముసలావిడ. మార్కెట్‌లో తోఫు, అంటే సోయా పాల జున్ను, అమ్మేదట. రొయ్యలు పడకపోవడం ఉందా అని మిస్సీ అడిగితే, పడకపోతే ఇన్నాళ్ళు ఎలా బతుకుతాను అంది మలయ్‌లో. పొర అంటించిన కొన్ని రోజులకు విప్పే సమయానికి నేనూ అక్కడ ఉన్నాను. గోడ దగ్గర నిలబడాలి, తాకకూడదు. మిస్సీ అంచు నుంచి ఎత్తింది. నీలం పొర తడిగా, మెత్తగా, చర్మాన్ని లాగకుండా లేచి వచ్చింది. కింద పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. రక్తపు చుక్క లేదు. మానిందని కాదు. అది ఇంకా చాలా దూరం. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరికి బాగా పనిచేసింది, కొందరికి ఏమీ తేడా లేదు, ఒకాయనకు మళ్ళీ చీము పట్టి ఆపేయాల్సి వచ్చింది. కానీ ఆ ఉదయం, పొర లేచిన ఆ క్షణాన, గోడ దగ్గరే నిలబడాలన్నది మరిచి ఒక అడుగు ముందుకు వేశాను.

వరండాలోకి వచ్చి అన్నకు ఫోన్ చేశాను.

"ఊడొచ్చింది. సర్మం సిరగనేదు."

క్రేనుల మోత మధ్య నుంచి అతని గొంతు వినబడింది.

"ఆవిడ నడుస్తాదా?"

"ఇంకా తెల్దు."

"అడుగు మరి. కట్టు సంగతి మీకు కావాల. మనిషికి నడక కావాల."

తర్వాతి వారం వెళ్ళినప్పుడు అడిగాను. ముసలావిడ తలుపు వైపు ఒకసారి చూసి, డాక్టరు లేడని రూఢి చేసుకుని, ఆసుపత్రి వాళ్ళిచ్చిన, పుండుకు నేల తగలనివ్వని ఎత్తు చెప్పు వేసుకుని లిఫ్టు దాకా వెళ్ళి వస్తున్నానంది. కాలు కింద పెట్టొద్దన్నారు, మీరు ఎవరికీ చెప్పకండి అని నా చెయ్యి నొక్కింది. చెప్పకుండా ఉండటం కుదరదని, మిస్సీకి చెప్పక తప్పదని అన్నాను. ఆవిడ నిట్టూర్చి, చెప్పు విప్పి, కాలు మంచం మీద పెట్టుకుంది.